గణాంక యంత్రానువాదంలో పదబంధ పట్టికల కత్తిరింపు: తెలుగు దృష్టితో చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

గణాంక యంత్రానువాదం ప్రబలంగా ఉన్న కాలంలో పదబంధ పట్టికల పరిమాణాన్ని తగ్గించడానికి పరిశోధకులు అనేక కత్తిరింపు పద్ధతులను రూపొందించారు. పాఠసంచయాలు విస్తారంగా ఉన్న యూరోపియన్ భాషల్లోనూ చైనీస్‌లోనూ ఇవి మంచి ఫలితాలనిచ్చాయి. ఒక్కసారి కనిపించిన జతకు సాక్ష్యబలం తక్కువన్నది వీటిలో ప్రధానమైన పద్ధతికి పునాది. ప్రత్యయ సంపన్నమై, పాఠసంచయం పరిమితంగా ఉన్న తెలుగుకు ఈ పునాది ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనంతపురం ప్రాంతపు చరిత్రకు సంబంధించిన ద్విభాషా పాఠాన్ని, బుక్కరాయసముద్రం చెరువు చుట్టూ ఉన్న పదజాలాన్ని ఇందుకు ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

కీలక పదాలు: యంత్రానువాదం, పదబంధ పట్టిక, కత్తిరింపు, సార్థకత పరీక్ష, ప్రత్యయ విశ్లేషణ, మాండలిక పదజాలం, అనంతపురం.

1. ప్రవేశిక

ఏ పదాన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అన్నది నిఘంటుకారులకు పాత ప్రశ్నే. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు, మిశ్ర వ్యవహారానికి ప్రత్యేకంగా మరో నిఘంటువు కూర్చాడు. కచేరీల్లోనూ సంతల్లోనూ వినిపించే మాటలు నిఘంటువుకు తగినవేనని ఆ పని చెబుతుంది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం కావ్యభాషకు ప్రాధాన్యమిచ్చింది. ఇద్దరి కొలమానాలు వేరైనా, నిర్ణయం మాత్రం మనిషిదే. ఎందుకు ఉంచారో, ఎందుకు వదిలారో పీఠికలను బట్టి, ఆరోపాలను బట్టి చర్చించే వీలుంది.

ఇరవయ్యో శతాబ్దం చివరి దశకంలో ఈ ప్రశ్న యంత్రం చేతికి వచ్చింది. అనువాద యంత్రానికి నిఘంటువు లాంటి పదబంధ పట్టికలో ఏది మిగలాలో ఒక సంఖ్య తేల్చడం మొదలైంది. ఆ సంఖ్య ఎక్కడ పుట్టింది, ఏ భాషల కోసం పుట్టింది, తెలుగు దగ్గరకు వచ్చేసరికి దాని అర్థం ఎలా మారింది అన్న క్రమంలో ఈ పరిశీలన సాగుతుంది.

2. పదబంధ పట్టిక పుట్టుక

1990లో ఐబీఎం పరిశోధకులు పీటర్ బ్రౌన్ బృందం గణాంకాల ఆధారంగా అనువాదం చేసే విధానాన్ని ప్రకటించింది. 1993లో అదే బృందం దాని గణిత నమూనాలను సవివరంగా ప్రచురించింది. కెనడా పార్లమెంటు చర్చల ఇంగ్లీషు, ఫ్రెంచి పాఠాలు వారికి ఆధారం. వ్యాకరణ సూత్రాలు రాయకుండా, రెండు భాషల వాక్యాలను పక్కపక్కన పెట్టి ఏ మాటకు ఏ మాట తరచుగా జతపడుతున్నదో లెక్కించడం ఇందులోని మూలసూత్రం.

ఆ తొలి నమూనాల్లో ప్రమాణం పదం. 2003లో ఫిలిప్ కోన్, ఫ్రాంజ్ ఓక్, డేనియల్ మార్కూ ప్రచురించిన పత్రం తర్వాత ప్రమాణంగా పదబంధం స్థిరపడింది. ఇక్కడ పదబంధమంటే వ్యాకరణశాస్త్రంలోని పదబంధం కాదు. వరుసగా వచ్చే ఎన్ని పదాలైనా పదబంధమే. పదాల మధ్య కుదిరిన జోడింపును అతిక్రమించని ప్రతి తునకను, దాని అనువాదంతో సహా, పట్టికలో చేర్చుతారు. ప్రతి జతకు సంభావ్యతా విలువలు ఉంటాయి. 2007లో వెలువడిన మోసెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ విధానాన్ని ప్రపంచంలోని అన్ని విశ్వవిద్యాలయాలకూ అందుబాటులోకి తెచ్చింది.

ఈ పద్ధతిలో పట్టిక విపరీతంగా పెరుగుతుంది. ఒక వాక్యంలో పది పదాలుంటే వాటి నుంచి ఏర్పడే తునకలు పది కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఏ పదానికీ జోడింపు కుదరని మాటలు వాక్యంలో ఉంటే, అవి అటు తునకలోనూ ఇటు తునకలోనూ చేరి మరిన్ని జతలను పుట్టిస్తాయి. అందువల్ల పట్టికలో అధిక భాగం పాఠసంచయం మొత్తంలో ఒకే ఒక్కసారి కనిపించిన జతలతో నిండిపోతుంది.

3. కత్తిరింపు పద్ధతుల పరిణామం

మొదటి కత్తిరింపులు మోటువి. ఒక మూల పదబంధానికి ఎన్ని అనువాదాలున్నా, సంభావ్యత ఎక్కువగా ఉన్న కొన్నింటినే వాడటం ఒక పద్ధతి. మోసెస్‌లో ఈ పరిమితి సాధారణంగా 20. సంభావ్యత ఒక హద్దుకు దిగువన ఉన్న జతలను తొలగించడం మరో పద్ధతి. ఇవి యంత్రం వేగాన్ని పెంచడానికి చేసిన సర్దుబాట్లే తప్ప, జత సరైనదా కాదా అన్న విచారణ వీటిలో లేదు.

ఆ విచారణను 2007లో కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన హోవార్డ్ జాన్సన్, జోయెల్ మార్టిన్, జార్జ్ ఫోస్టర్, రోలండ్ కూన్ ప్రవేశపెట్టారు. పట్టికలో అధిక భాగాన్ని పారేసి అనువాద నాణ్యతను పెంచవచ్చన్న భావం వారి పత్రం శీర్షికలోనే ఉంది. వారు ఫిషర్ కచ్చిత పరీక్షను ఉపయోగించారు. రెండు పదబంధాలు ఒకే వాక్యజతలో కలిసి రావడం కేవలం కాకతాళీయమయ్యే అవకాశమెంతో ఈ పరీక్ష లెక్కిస్తుంది. ఆ అవకాశం ఎంత తక్కువైతే జతకు అంత బలం. ఆ సంభావ్యతకు రుణ సహజ సంవర్గమానం తీసుకుంటే జత బలం ఒక అంకెగా వస్తుంది.

ఈ పరీక్షలో ఒక ప్రత్యేక స్థానముంది. మూల పదబంధం పాఠసంచయంలో ఒక్కసారే వచ్చి, అనువాద పదబంధం కూడా ఒక్కసారే వచ్చి, రెండూ ఒకే వాక్యజతలో ఉంటే, అది కాకతాళీయమయ్యే సంభావ్యత మొత్తం వాక్యజతల సంఖ్యలో ఒకటో వంతు. 50,000 వాక్యజతలున్న పాఠసంచయంలో దాని బలం 10.82. హద్దును దీనికి అణుమాత్రం పైన పెడితే ఇలాంటి జతలన్నీ పోతాయి. అణుమాత్రం కింద పెడితే అన్నీ మిగులుతాయి. పట్టికను గరిష్ఠంగా 90 శాతం దాకా తగ్గించినా బ్లూ స్కోరు తగ్గలేదని, కొన్ని సందర్భాల్లో కొద్దిగా పెరిగిందని ఆ పరిశోధకులు నివేదించారు. సంభావ్యతలను ముందే మెరుగైన పద్ధతిలో సవరించి ఉంటే ఆ పెరుగుదల అంత స్పష్టంగా కనిపించదని కూడా వారే చెప్పారు.

2012లో మరో మలుపు వచ్చింది. ఒకే సదస్సులో రెండు బృందాలు ఎంట్రోపీ ఆధారిత కత్తిరింపును ప్రతిపాదించాయి. వాంగ్ లింగ్ బృందం ఒకటి, గూగుల్‌కు చెందిన రిచర్డ్ జెన్స్, డైసీ స్టాంటన్, పెంగ్ షూ మరొకటి. భాషా నమూనాల విషయంలో ఆండ్రియాస్ స్టోల్కే 1998లోనే చూపిన మార్గానికి ఇది దగ్గర. ఇందులో అడిగే ప్రశ్న వేరు. ఈ జతను తీసేస్తే, ఇంతకంటె చిన్న జతలను కలిపి అదే అనువాదాన్ని రాబట్టగలమా? రాబట్టగలిగితే పెద్ద జత అనవసరం. పరస్పర సంబంధానికి సాక్ష్యమెంత అని జాన్సన్ బృందం అడిగితే, తొలగించడం వల్ల నష్టమెంత అని ఈ బృందాలు అడిగాయి.

4. తెలుగు దగ్గర లెక్క మారే తీరు

తెలుగు యంత్రానువాద చరిత్ర గణాంకాలతో మొదలు కాలేదు. అక్షర భారతి బృందం కాన్పూరు ఐఐటీలో ప్రారంభించిన అనుసారక వ్యవస్థ పాణినీయ దృక్పథంపై ఆధారపడింది. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ దీనికి సారథులు. తెలుగు నుంచి హిందీకి అనుసారకం రూపొందడంలో హైదరాబాదు విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్తల కృషి ఉంది. అక్కడ గారపాటి ఉమామహేశ్వరరావు తెలుగు ప్రత్యయ విశ్లేషణపై పనిచేశారు. పదాన్ని ప్రాతిపదికగానూ ప్రత్యయాలుగానూ విడదీయకుండా తెలుగును యంత్రం చేతికి ఇవ్వలేమన్న గ్రహింపు ఆ దశలోనే ఉంది.

గణాంక పద్ధతి తెలుగుకు విస్తృతంగా వర్తించింది తర్వాతి కాలంలో. భారత ప్రభుత్వ భాషా సాంకేతిక కార్యక్రమం కింద, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం నేతృత్వంలో భారతీయ భాషా పాఠసంచయ పథకం నడిచింది. ఆరోగ్యం, పర్యాటకం అనే రెండు రంగాల్లో హిందీ వాక్యాలను ఇతర భాషల్లోకి అనువదింపజేసి సుమారు 50,000 వాక్యాల సమాంతర పాఠసంచయం తయారుచేశారు. దాని ఆధారంగా బొంబాయి ఐఐటీకి చెందిన అనూప్ కున్చుకుట్టన్, పుష్పక్ భట్టాచార్య తదితరులు 2014లో శత అనువాదక్ వ్యవస్థను ప్రకటించారు. తెలుగుతో సహా 11 భాషల మధ్య 110 జతలకు పదబంధ ఆధారిత వ్యవస్థలను వారు నిర్మించారు. ఉత్తరాది ఆర్యభాషల మధ్య అనువాదాలకు బ్లూ స్కోర్లు మెరుగ్గా వచ్చాయి. ద్రావిడ భాషలు చేరిన జతలకు అవి పడిపోయాయి.

ఈ తేడాకు మూలం తెలుగు పదస్వరూపంలో ఉంది. చెరువు అనే మాటనే తీసుకుంటే చెరువులో, చెరువుకు, చెరువులోకి, చెరువులోంచి, చెరువుకట్టమీద, చెరువుదాకా, చెరువేమో, చెరువైతే అంటూ రూపాలు సాగుతూనే ఉంటాయి. ఖాళీల మధ్య ఉన్నదే పదమని లెక్కించే యంత్రానికి ఇవన్నీ పరస్పర సంబంధం లేని వేర్వేరు పదాలు. తెలుగు పాఠసంచయం పెరిగే కొద్దీ కొత్త పదరూపాలు వస్తూనే ఉంటాయని హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన కవి నారాయణమూర్తి, ఆయన సహ పరిశోధకులు జరిపిన గణాంక అధ్యయనాలు చూపాయి.

సార్థకత పరీక్షను ఈ పరిస్థితికి అన్వయిస్తే ఏం జరుగుతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. 50,000 హిందీ–తెలుగు వాక్యజతల్లో తాలాబ్ అనే హిందీ మాట 20 సార్లు వచ్చిందనుకొంటే, హిందీలో విభక్తి విడిగా ఉంటుంది కనుక ఆ మాట దాదాపు ఒకే రూపంలో ఉంటుంది. తెలుగు వైపు చెరువులోంచి అనే రూపం ఒకే ఒక్కసారి, ఆ 20 వాక్యాల్లో ఒకదాంట్లో వచ్చిందనుకొందాం. ఇది కాకతాళీయమయ్యే సంభావ్యత 50,000లో 20, అంటే 2,500లో ఒకటి. దాని బలం 7.82. రెండు వైపులా ఒక్కసారే వచ్చిన యాదృచ్ఛిక జత బలం 10.82 అని పైన తేలింది. అంటే సరైన అనువాదం కంటె, పొరపాటు జోడింపు వల్ల పుట్టిన ఏకైక జతకు ఈ పరీక్ష ఎక్కువ మార్కులు వేయగలదు. హద్దును 10.82కు కాస్త కింద పెడితే పొరపాటు జత మిగిలి, చెరువులోంచి పోతుంది. కాస్త పైన పెడితే రెండూ పోతాయి.

అదే పాఠాన్ని ప్రత్యయ విశ్లేషణ చేసిన తర్వాత పరీక్షిస్తే చిత్రం మారుతుంది. చెరువు అనే ప్రాతిపదిక 20 సార్లు వచ్చి, వాటిలో 18 సార్లు తాలాబ్‌తో కలిసి కనిపిస్తే ఆ జత బలం 148 దాకా వెళుతుంది. పాఠం అదే, పరీక్ష అదే, హద్దు అదే. మారింది లెక్కించిన ప్రమాణం ఒక్కటే. కాబట్టి దోషం పరీక్షది కాదు. పదమంటే ఏమిటో ముందుగా నిర్ణయించకుండా పరీక్షను నడపడంలో ఉంది.

ఎంట్రోపీ పద్ధతికీ ఇదే వర్తిస్తుంది. ఫ్రెంచి–ఇంగ్లీషు పట్టికలో దీర్ఘమైన పదబంధాన్ని తొలగించినా, దాని భాగాలు విడి పదాలుగా పట్టికలో ఉంటాయి కనుక అనువాదం తిరిగి కూర్చవచ్చు. 90 శాతం పోయినా నష్టం కనిపించకపోవడానికి ఈ పునరుక్తి ఒక ముఖ్య కారణం. తెలుగులో కూర్పు పదం లోపలే జరుగుతుంది. చెరువులోంచి పోతే, చెరువు, లోంచి అనే రెండు భాగాలు పట్టికలో విడిగా ఉండవు. చిన్న జతలతో నిర్మించలేని జతను ఈ పద్ధతి సూత్రరీత్యా తేలిగ్గా వదులుకోదు కనుక, సార్థకత పరీక్ష కంటె తెలుగుకు ఇది కొంత అనుకూలం. అయినా భాగాలను గుర్తించే పని దీనివల్ల తీరదు.

5. అనంతపుర చరిత్ర: పరీక్షకు నిలిచే పాఠం

అనంతపురం పట్టణానికి ఆనుకొని ఉన్న బుక్కరాయసముద్రానికి విజయనగర ప్రభువు బుక్కరాయల పేరు వచ్చింది. పండమేరు నీటిని ఆపి కట్టిన చెరువుల చుట్టూ ఈ ప్రాంతపు చరిత్ర అల్లుకొని ఉంది. హండె వంశీకుల ఏలుబడిని వివరించే అనంతపుర చరిత్ర తెలుగు వచనంలో రచితమైంది. బ్రౌను దాన్ని సేకరించి, ఇంగ్లీషులోకి అనువదించి 1853లో ప్రచురించాడు. చెరువుకట్ట తెగబోయినప్పుడు ఊరి కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి పందొమ్మిదో శతాబ్దం చివర ముసలమ్మ మరణంగా కావ్యీకరించారు. బ్రౌను వెలువరించిన ఆ చరిత్రే ఆయనకు ఆధారం.

తెలుగు మూలం, ఇంగ్లీషు అనువాదం రెండూ ఉన్న పాఠం కనుక ఇది నేటి పరిభాషలో సమాంతర పాఠసంచయమే. అయితే చాలా చిన్నది. ఇటువంటి పాఠాన్ని ఆరోగ్య, పర్యాటక రంగాల పెద్ద పాఠంలో కలిపి పట్టిక తయారుచేస్తే, కత్తిరింపు దశలో మొదట ప్రమాదంలో పడేవి ఊరి పేర్లు, వ్యక్తుల పేర్లు, చెరువు సంబంధ పదాలు. రాయలసీమ వాడుకలో చెరువు నిండి నీరు పొర్లిపోయే చోటును మరువ అంటారు. కోస్తాలో, తెలంగాణలో అలుగు అంటారు. తూము, కట్ట మాత్రం విస్తృత వ్యవహారంలో ఉన్నాయి. పాఠసంచయంలో అలుగు పలుమార్లు వచ్చి, మరువ ఒక్కసారి వస్తే, రెండింటికీ ఒకే ఇంగ్లీషు మాట ఎదురుగా ఉన్నప్పుడు, పైన చూసిన లెక్క ప్రకారమే మరువ బలం హద్దుకు దిగువన పడుతుంది. ప్రమాణ రూపం నిలుస్తుంది, ప్రాంతీయ రూపం రాలిపోతుంది. ఎవరూ కావాలని చేయకపోయినా ఫలితం ఇదే.

ఈ నష్టం మూల్యాంకనంలో కనిపించదు కూడా. 2002లో వచ్చిన బ్లూ స్కోరు యంత్రం ఇచ్చిన వాక్యానికి, ఆదర్శ అనువాదానికి మధ్య పదాల పోలికను కొలుస్తుంది. పరీక్ష వాక్యాలు కూడా అదే ఆరోగ్య, పర్యాటక పాఠం నుంచి వస్తే, మరువ అనే మాట పరీక్షలోనే ఉండదు. లేని మాటను కోల్పోయినందుకు స్కోరు తగ్గదు. నాణ్యత తగ్గలేదన్న వాక్యాన్ని, ఆ పరీక్ష వాక్యాల పరిధిలో తగ్గలేదన్న అర్థంలోనే తీసుకోవాలి.

ఇందుకు భిన్నమైన ఆదర్శం తెలుగులోనే ఉంది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటంలో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలను వివిధ జిల్లాల నుంచి క్షేత్రపర్యటనల ద్వారా సేకరింపజేశారు. ఒక మాట ఎన్నిసార్లు అచ్చులో వచ్చిందన్నది అక్కడ ప్రమాణం కాదు. ఆ వృత్తి చేసేవారు దాన్ని వాడుతున్నారా అన్నదే ప్రమాణం. ఒక రైతు నోట వినిపించిన మాటకు పాఠసంచయంలో పౌనఃపున్యం సున్నా కావచ్చు. భాషలో దాని ఉనికికి అది అడ్డు కాలేదు.

6. కత్తిరింపును పూర్తిగా విడిచిపెట్టవచ్చా?

అరుదైన జతలన్నీ కాపాడుకోదగినవేనన్న వాదం కూడా నిలవదు. తెలుగు పాఠసంచయాల్లో దోషాలు తక్కువేమీ కావు. వాక్యాల జోడింపు తప్పిన చోట్ల, ఒక హిందీ వాక్యాన్ని రెండు తెలుగు వాక్యాలుగా విడగొట్టిన చోట్ల, లిప్యంతరీకరణ నిలకడగా లేని చోట్ల తప్పుడు జతలు పుడతాయి. వాటిని ఉంచితే యంత్రం అసంబద్ధమైన అనువాదాలిస్తుంది. కత్తిరింపు అవసరమే, దేని ఆధారంగా కత్తిరించాలన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు భారతీయ పరిశోధన నుంచి ఒక సమాధానం వచ్చింది. 2016లో కున్చుకుట్టన్, భట్టాచార్య సన్నిహిత భాషల మధ్య అనువాదానికి పదాన్ని కాక లిపిలోని అక్షరాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. వారు పరిశీలించిన జతల్లో తెలుగు–మలయాళం ఒకటి. పదం కంటె చిన్న ప్రమాణం తీసుకుంటే ఒక్కసారి వచ్చిన రూపాల సమస్య చాలావరకు తగ్గుతుంది. అదే ఏడాది రికో సెన్రిచ్ బృందం నాడీజాల అనువాదంలో ఉపపదాలను ప్రవేశపెట్టింది. 2011లో తెలుగును చేర్చుకున్న గూగుల్ అనువాద సేవ, 2017లో తెలుగుకు నాడీజాల పద్ధతిని వర్తింపజేసింది. పదబంధ పట్టిక క్రమంగా వెనకబడింది.

పట్టికతో పాటు కత్తిరింపు మాత్రం అంతరించలేదు, స్థలం మార్చుకుంది. 2021లో వెలువడిన సమానాంతర్ పాఠసంచయం ఇంగ్లీషుకూ 11 భారతీయ భాషలకూ మధ్య సుమారు 4 కోట్ల 97 లక్షల వాక్యజతలను సమకూర్చింది. వాటిలో అధిక భాగం వెబ్ నుంచి యంత్రం వెతికి తెచ్చినవి. రెండు వాక్యాల అర్థసామ్యాన్ని ఒక బహుభాషా నమూనా కొలుస్తుంది. ఆ కొలత హద్దు దాటని జతలు పాఠసంచయంలోకి రావు. గతంలో శిక్షణ తర్వాత పట్టికను కత్తిరించేవారు, ఇప్పుడు శిక్షణకు ముందే పాఠాన్ని కత్తిరిస్తున్నారు. కొలిచే నమూనాకు పరిచయం లేని మాండలిక వాక్యానికి తక్కువ మార్కులు పడే ప్రమాదం ఇక్కడా ఉంది. పాత పట్టికలో తొలగిన జతను జాబితా తీసి చదివే వీలుండేది. అసలు లోపలికే రాని వాక్యానికి అలాంటి జాబితా సాధారణంగా మిగలదు.

7. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

పదబంధ పట్టికల కత్తిరింపు యంత్ర వనరుల పొదుపుగా మొదలై, 2007 నాటికి సాక్ష్యబలం విచారణగా, 2012 నాటికి నష్టం అంచనాగా పరిణమించింది.

సార్థకత పరీక్షలో పౌనఃపున్యాన్ని సాక్ష్యంగా తీసుకోవడం పదరూపాలు పరిమితంగా ఉండి, పాఠం విస్తారంగా ఉన్న భాషలకు తగింది. ప్రత్యయ విశ్లేషణ లేకుండా తెలుగుకు వర్తింపజేస్తే, సరైన రూపానికి పొరపాటు జత కంటె తక్కువ బలం దక్కే అవకాశం ఉంది. అనుసారక కాలం నుంచి జరిగిన విశ్లేషణ కృషి గణాంక దశలో అనవసరం కాలేదు. దానికి ముందు మెట్టుగా మరింత అవసరమైంది.

ప్రాంతీయ పదాలు రాలిపోవడం ఎవరి ఉద్దేశమూ కాదు, లెక్క స్వభావమే. కనుక దాన్ని సరిదిద్దడానికి ఉద్దేశపూర్వకమైన ప్రయత్నం కావాలి. మాండలిక వృత్తిపదకోశాల్లోని పదాలను హద్దుతో నిమిత్తం లేకుండా నిలిపి ఉంచే జాబితాగా వాడటం, పరీక్ష వాక్యాల్లో ప్రాంతీయ పాఠాలను చేర్చడం, తొలగించిన జతల జాబితాను భాషావేత్తలకు అందుబాటులో ఉంచడం సాధ్యమైన పనులే. బుక్కరాయసముద్రం మండలంలోని జంతలూరులో నేడు ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. అనంతపుర చరిత్ర వంటి ద్విభాషా పాఠాలను వాక్యం వారీగా జతపరచి, ప్రత్యయ విశ్లేషణతో సహా పాఠసంచయంగా రూపొందించే పనికి ఆ ప్రాంతంలోని తెలుగు శాఖలు, కళాశాలలు సమర్థమైనవి.

బ్రౌను ఒక మాటను నిఘంటువులో చేర్చినా వదిలినా అందుకు అతడు బాధ్యుడు. యంత్రం వదిలిన మాటకు బాధ్యత, హద్దును నిర్ణయించినవారిదీ ఆ హద్దును ప్రశ్నించగల భాషాపరిశోధకులదీ.